తొంభై ఆరు

రాత్రి రెండున్నర. లివర్‌పూల్‌లో ఎనిమిదో వార్డు.
కిటికీ అవతల మెర్సీ నది పొగమంచు కప్పుకుని పడుకుంది.
పదకొండో మంచం మీద ఎర్నెస్టీన్ క్వార్లెస్,
బడి వంటగదిలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి,
"ఊపిరి చాలట్లేదు పిల్లా" అంది.

వేలికి క్లిప్పు పెట్టాను.
ఎర్రగా వెలిగి, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి
తొంభై ఆరు అంది యంత్రం.

రాశాను.
దిండు ఎత్తు చేశాను, గుక్కెడు నీళ్ళు తాగించాను.
"కంగారు పడకండి, అంకె బావుంది" అన్నాను.
అంకె బావుంటే మనిషి బావున్నట్టేనని
పన్నెండేళ్ళుగా నమ్మి చేస్తున్న ఉద్యోగం.

ఆమె నా వైపు చూసింది.
కోపం కాదు. అలవాటు.
ఆగకుండా పోయే బస్సును
రోజూ చూసేవాళ్ళ ముఖంలో ఉంటుందే, అది.

మూడుంపావుకి మళ్ళీ తొంభై ఆరు.
మాట మధ్యలో విరిగిపోతోంది.
కింది పెదవి తిప్పి లోపలి వైపు చూశాను:
పొయ్యిలో పొద్దుటి బూడిద రంగు.

అప్పుడు గుర్తొచ్చింది.
ఎప్పుడో ఓ శిక్షణ తరగతి చివర
అందరం టీ కోసం కుర్చీలు జరుపుతుంటే
ఒకావిడ గొంతు పెంచి చెప్పిన సంగతి.
ఈ దీపం చర్మం గుండా చూస్తుంది,
చర్మం నల్లనైతే ఒక్కోసారి
లేని ఊపిరిని ఉందంటుంది.
పరీక్షించిన రోజుల్లో ఎక్కువగా తెల్లటి వేళ్ళే దొరికాయట.

కావాలని ఎవరూ చెయ్యలేదట.

ఆ మాట నాకు పాత చుట్టం.
పల్నాడులో మా ఊరి టీ బంకు దగ్గర
చూరు కింద విడిగా ఒక గ్లాసుండేది.
అదీ ఎవరూ కావాలని పెట్టింది కాదు,
ఎప్పట్నుంచో అక్కడే ఉంది, అంతే.
దానికో సొట్ట.
మా నాన్న బొటనవేలు సరిగ్గా అందులో కూర్చునేది.

డాక్టర్ని లేపాను.
"తొంభై ఆరేగా" అన్నాడు కళ్ళు నులుముకుంటూ.
"మీరొచ్చి ఆమెను చూడండి, అంకెను కాదు" అన్నాను.
నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలీదు.

మణికట్టు ధమనిలోంచి తీసిన రక్తం
ఎనభై నాలుగంది.

పన్నెండు తేడా.
కాగితం మీద వేలెడు జాగా కూడా పట్టదు.

తెల్లారుతుండగా మాస్కు కొంచెం పక్కకి జరిపి
ఎర్నెస్టీన్ చెప్పింది.
ఈ రేవు ఓడల ఖాతా పుస్తకం ఒకటి
చిన్నప్పుడు మనవరాలితో కలిసి చూసిందట.
ఎవరి చిన్నప్పుడు అని అడిగితే నవ్వి, దగ్గి,
"మనవరాలిదే" అంది.
మగవాళ్ళు ఇంతమంది, ఆడవాళ్ళు ఇంతమంది,
దారిలో తగ్గినవాళ్ళు ఇంతమంది.
"ఎంత ముచ్చటైన చేతిరాతో తెలుసా!
కూడికల్లో ఒక్క తప్పు లేదు."

తర్వాత క్లిప్పు తీసి నా వేలికి తగిలించింది.
నా వేలూ నల్లదే.
పెళ్ళిచూపుల కాగితంలో చామనఛాయ అని రాయించిన నలుపు.
తొంభై ఎనిమిది.
"నమ్ముతావా?" అంది.

ఏడింటికి డ్యూటీ దిగేముందు పట్టిక తెరిచాను.
ఇక్కడ తప్పు రాస్తే చెరపకూడదు.
ఒక్కటే గీత కొట్టాలి, కింది అంకె కనబడుతుండాలి,
పక్కన సంతకం చెయ్యాలి.
కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తప్పు రాయలేదు నేను. యంత్రం అన్నదే రాశాను.
ఆ ఓడ గుమాస్తా కూడా
చూసిందే రాసి ఉంటాడు.

గీత కొట్టలేదు.
రెండున్నర గడి పక్కన, ఉన్న కాస్త ఖాళీలో
ఇరికించి రాశాను:
రోగి అప్పుడే చెప్పింది. నేను వినలేదు.

కింద నా పేరు, పూర్తిగా,
ఇంటిపేరుతో సహా.